జీవితపు మలుపులలో మనస్సునకు తోడు
ఖరగ్‌పూరు రైలు కుటుంబములకు మనశ్శాస్త్రజ్ఞులు చేయగల సాయము

మానవ జీవితమున అన్ని దినములును ఒక్క తీరున గడువవు. బడి విడిచి పనిలో చేరిన దినము, వివాహమై అత్తవారింట అడుగు పెట్టిన దినము, తొలి బిడ్డ కలిగిన దినము, కన్నవారినో కట్టుకొన్నవారినో పోగొట్టుకొనిన దినము, ఉద్యోగ విరమణ చేసి పూలమాలతో ఇల్లు చేరిన దినము, ఇవన్నియు మలుపులు. వీనిలో కొన్ని సంతోషమును, కొన్ని దుఃఖమును తెచ్చును. అయినను ఒక గుణము అన్నిటికిని సమానము. నిన్నటివరకు అలవాటైన బ్రదుకు నేడు లేదు, రేపటి బ్రదుకు ఇంకను అలవాటు కాలేదు.

జ్వరము వచ్చినచో వైద్యుని యొద్దకు పోవుదుము. కాలు బెణికినచో కట్టు కట్టించుకొందుము. మలుపులో మనస్సు తడబడినపుడు మాత్రము చాలమంది ఎవరికిని చెప్పుకొనరు. “ఇది పిచ్చి కాదు గదా, డాక్టరెందుకు?” అందురు. పిచ్చి కాదనుట నిజమే. అయినను బాధ బాధయే. ఆ బాధను విని, అర్థము చేసికొని, దానినుండి బయటపడు దారి చూపుటకు శాస్త్రీయముగా శిక్షణ పొందినవారు కలరు. వారే మనశ్శాస్త్రజ్ఞులు. వారెవరో, ఏమి చదువుకొందురో, ఏ పద్ధతిని సాయపడుదురో తెలుపుటయే ఈ చిన్న పుస్తకము యొక్క ఉద్దేశము. జీవితపు మలుపులు స్పష్టముగా కానవచ్చు ఖరగ్‌పూరు పట్టణమును ఇందులకు ఉదాహరణగా గైకొందము.

తెలుగువారి రైలు పట్టణము

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. ఆ కంపెనీ 19వ శతాబ్ది చివర ఖరగ్‌పూరును తన కూడలిగా ఎన్నుకొని, అచ్చట గొప్ప కార్ఖానాను, దాని చుట్టును ఉద్యోగుల కొరకు వీధులను, ఇండ్లను నిర్మించెను. ఆనాడు మద్రాసు రాజధానిలో చేరియుండిన శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి కూలికిని, కొలువునకును తెలుగువారు వేలకొలదిగా ఆ పట్టణము చేరిరి. కంపెనీ 1944లో ప్రభుత్వపరమయ్యెను. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడినది. 1951లో పట్టణపు అంచుననున్న హిజ్లీలో దేశమునందలి మొదటి ఐ.ఐ.టి. వెలసినది. 1,072.5 మీటర్ల పొడవుగల ఖరగ్‌పూరు ప్లాట్‌ఫారము చాలకాలము ప్రపంచములో మిక్కిలి పొడవైనదిగా పేరొందినది.

నిమ్‌పురా, మథురాకాటీ, గోల్‌బజారు మొదలైన పేటలలో నేటికిని తెలుగు మాట వినబడును. ముత్తాత పని చేసిన కార్ఖానాలోనే మునిమనుమడు పని చేయుచున్న కుటుంబములు కలవు. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము 2020 డిసెంబరులో తెలుగునకు రాష్ట్ర అధికార భాషలలో స్థానము కల్పించుటకు నిశ్చయించినపుడు ముఖ్యముగా ఈ పట్టణపు తెలుగువారే అందరి తలపునకు వచ్చిరి.

రైలు పట్టణమునకు ఒక ప్రత్యేకత గలదు. ఇతర ఊళ్ళలో ఉద్యోగము ఒకరిది, ఇల్లు వేరొకరిది, వైద్యము మరియొకరిది. ఇచ్చట ఉద్యోగము, క్వార్టరు, ఆసుపత్రి, పిల్లల బడి, సాయంకాలపు క్లబ్బు అన్నియు రైల్వే నీడనే పెరిగినవి. నిద్ర లేచుట, భోజనము చేయుట సైతము డ్యూటీని బట్టియే జరుగును. ఈ నీడ ఉన్నంతకాలము మేలు. అది ఒక్క దినమున తొలగినపుడు మాత్రము మనిషికి ఒక్కటి గాక పలు వస్తువులు ఒక్కమారే చేజారును.

ఒక్క మలుపు, పలు నష్టములు

కేంద్రప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సు 1998లో 58 నుండి 60 సంవత్సరములకు పెరిగినది. అరువది నిండిన మాసపు చివరి దినమున ఉద్యోగి విరమణ పొందును. ఆనాడు తోటివారు పూలమాల వేయుదురు, శాలువ కప్పుదురు, మంచి మాటలు చెప్పుదురు. మరునాటి ఉదయము కార్ఖానా కూత ఎప్పటివలెనే వినబడును. అది అతని కొరకు కాదు.

విరమణచే జీతము తగ్గునని అందరెరుగుదురు. పింఛను, గ్రాట్యుయిటీ, పీ.ఎఫ్. లెక్కలు ముందుగనే వేసికొందురు. తక్కిన నష్టములను ఎవ్వరును లెక్క వేయరు. దినమునకు ఒక క్రమము పోయినది. ముప్పది సంవత్సరములు ప్రక్కన నిలిచి పని చేసిన స్నేహితులు పోయిరి. నియమిత గడువులో క్వార్టరు ఖాళీ చేయవలెను గనుక ఇల్లును, ఇరుగుపొరుగును పోవును. అన్నిటికంటె ముఖ్యముగా “ఫిట్టరుగారు”, “గార్డుగారు”, “మేస్త్రీగారు” అని నలుగురు పిలుచు పేరు పోవును.

అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన హోమ్స్, రాహే అను ఇద్దరు వైద్యులు 1967లో ఒక పట్టికను ప్రకటించిరి. మనిషి తిరిగి సర్దుకొనవలసిన 43 సంఘటనలకు వారు బరువులు నిర్ణయించిరి. జీవిత భాగస్వామి మరణమునకు 100, వివాహమునకు 50, ఉద్యోగ విరమణకు 45, రాబడిలో మార్పునకు 38, బిడ్డ ఇల్లు విడిచి పోవుటకు 29, నివాసము మారుటకు 20 అని అందున్నది. శుభకార్యమైన వివాహము సైతము ఆ పట్టికలో నుండుట గమనింపదగినది. మనస్సునకు భారమగునది దుఃఖము మాత్రమే కాదు, మార్పు కూడ. రైలు కార్మికునికి విరమణ, రాబడి తగ్గుట, ఇల్లు మారుట ఒకే సంవత్సరమున వచ్చును. ఆ మూడింటి మొత్తము 103. ఈ సంఖ్య జాతకము కాదు. ఇంత బరువు మోసినవారందరును జబ్బు పడుదురని దాని అర్థము కాదు. బరువు నిజముగా ఉన్నదని మాత్రము అది చెప్పుచున్నది.

ఖరగ్‌పూరులోని తెలుగువారికి దీనికి తోడు ఇంకొక ప్రశ్న ఎదురగును: “ఇచ్చటనే ఉండుటయా, సొంత ఊరికి పోవుటయా?” శ్రీకాకుళపు పల్లెలో తాతలనాటి ఇల్లు పంపకములలో ముక్కలై యుండును. అచ్చట మేనమామ కుమారులు ఆదరముతో పిలిచినను, ఇతనిని “ఖరగ్‌పూరు వాడు” అనియే చూతురు. ఇచ్చటనో, పిల్లలు బెంగాలీ, హిందీలలో స్నేహితులను కూర్చుకొని స్థిరపడియుందురు. భార్యకు గుడి, బజారు, ఇరుగుపొరుగు అన్నియు ఇచ్చటనే. ఎటు పోయినను సగము మనస్సు వెనుకనే నిలుచును.

విరమణ ఒక్కటే మలుపు కాదు. సర్వీసులో నుండగనే భర్త మరణించినచో భార్యకు గాని, కుమారునకు గాని కారుణ్య నియామకము లభింపవచ్చును. అన్నము పెట్టు ఏర్పాటు గనుక అది మంచిదే. అయినను నిన్నటివరకు ఇల్లు దాటి ఎరుగని స్త్రీ, దుఃఖము ఆరకమునుపే, భర్త పని చేసిన కార్యాలయములోనే హాజరు వేయవలసి వచ్చును. పెండ్లియై విజయనగరపు పల్లెనుండి వచ్చిన కోడలికి భాష రాని బజారు ఒక మలుపు. తెలుగు మాధ్యమమున చదివి ఐ.ఐ.టి.లో ప్రవేశించిన బాలుడు, తన ఊరిలో మొదటివాడుగా నుండి ఇచ్చట వందలలో ఒకడగుట మరియొక మలుపు. అట్టి విద్యార్థుల కొరకు ఐ.ఐ.టి.లో సలహా కేంద్రము కలదు. అచ్చటికి పోవుట చదువులో వెనుకబాటునకు గుర్తు కాదు.

మనశ్శాస్త్రజ్ఞుడు ఎవరు?

మనస్సునకు సంబంధించిన వైద్యమున రెండు తెగల నిపుణులు కలరు. మొదటివారు మానసిక వైద్యులు. వీరు ఎం.బి.బి.ఎస్. చదివి, పిదప మానసిక వైద్యమున పై పట్టము పొందిన డాక్టర్లు. మందులు వ్రాయుటకు వీరికి అధికారము కలదు. రెండవవారు చికిత్సా మనశ్శాస్త్రజ్ఞులు. వీరు మందులు వ్రాయరు. మాట, పరిశీలన, అభ్యాసము అనునవి వీరి సాధనములు.

చికిత్సా మనశ్శాస్త్రజ్ఞుడు మొదట మనశ్శాస్త్రమున ఎం.ఏ. గాని, ఎం.ఎస్సీ. గాని పూర్తి చేయును. తరువాత ఆసుపత్రిలో పెద్దల పర్యవేక్షణ క్రింద రోగులను చూచుచు ప్రత్యేక శిక్షణ పొందును. చాలకాలముగా ఇది రెండు సంవత్సరముల ఎం.ఫిల్. రూపమున నుండెను. ఈ పట్టముల పేర్లు ఇటీవల మారుచున్నను, పర్యవేక్షణతో కూడిన ఆసుపత్రి శిక్షణయే దానికి ప్రాణము. ఇట్లు శిక్షణ పొందినవారి పేర్లు, 1992 నాటి చట్టమును అనుసరించి పనిచేయు భారత పునరావాస మండలి పట్టికలో నమోదగును. సాయము కోరి పోవువారు ఆ నమోదు సంఖ్యను అడుగుటలో తప్పేమియు లేదు. నిజమైన నిపుణుడు దానిని సంతోషముతో చూపును. ఫలకముపై “కౌన్సెలరు” అని వ్రాసికొన్నంత మాత్రమున శిక్షణ ఉన్నట్లు కాదు.

ఈ విద్య మన దేశమునకు క్రొత్తది కాదు. దాని తొలి ఇండ్లలో ఒకటి ఖరగ్‌పూరునకు కొలది గంటల రైలు ప్రయాణపు దూరముననే కలదు. 1916లో కలకత్తా విశ్వవిద్యాలయమున ప్రయోగ మనశ్శాస్త్ర శాఖ ఆరంభమైనది. అచ్చటనే డాక్టరు గిరీంద్రశేఖర్ బోసు పని చేసెను. ఆయన 1887లో జన్మించెను. మొదట వైద్యుడై, రోగుల శరీరములతోపాటు వారి మాటలను గూడ శ్రద్ధగా వినుచు మనశ్శాస్త్రము వైపు మరలెను. 1921లో ఆ శాస్త్రమున డాక్టరు పట్టము పొందెను. 1922లో భారత మనోవిశ్లేషణ సంఘమును స్థాపించెను. వియన్నాలోని ఫ్రాయిడుతో చాలకాలము ఉత్తరములు నడపినను, ఫ్రాయిడు మాటనే ప్రమాణముగా గొనక, మన రోగుల మనస్సులలో తాను చూచినదానిని బట్టి తన సిద్ధాంతమును నిర్మించుకొనెను. 1933లో కలకత్తాలోని కార్మైకేల్ వైద్య కళాశాలలో, అనగా సాధారణ ఆసుపత్రిలోనే, మానసిక రోగులను చూచు విభాగమును ప్రారంభించెను. గోడలు ఎత్తిన ఆశ్రయాలయమునకే గాక, జ్వరమునకు మందు తీసికొను చోటికే మనస్సు బాధతో గూడ రావచ్చునను మార్గము అట్లు తెరువబడెను. ఆయన 1953లో స్వర్గస్థుడయ్యెను. ఆ తరువాతి సంవత్సరమే, అనగా 1954లో, బెంగుళూరున అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడి చికిత్సా మనశ్శాస్త్రజ్ఞులకు శిక్షణ ఇయ్యసాగెను. నేడు నిమ్‌హాన్స్ అని పేరొందినది ఆ సంస్థ వారసురాలే.

ఏ పద్ధతిని సాయపడుదురు?

మనశ్శాస్త్రజ్ఞుని పని ఎట్లుండునో తెలియుటకు ఒక కల్పిత ఉదాహరణము గైకొందము. కార్ఖానాలో మేస్త్రీగా పని చేసి ఆరు మాసముల క్రిందట విరమణ పొందిన ఒక పెద్దమనిషి, భార్య బలవంతము మీద ఒక మనశ్శాస్త్రజ్ఞురాలి యొద్దకు వచ్చెననుకొందము.

“అమ్మా, నాకు రోగమేమియు లేదు. నిద్ర పట్టదు, అంతే. ఇంటావిడ పోరు పడలేక వచ్చినాను” అని ఆయన చెప్పును.

“మంచిది మేస్త్రీగారూ. నిద్ర పట్టనపుడు ఏమి చేయుచుందురు?”

“ఏమున్నదమ్మా, కప్పు చూచుచు పడుకొందును. తెల్లవారుజామున నాలుగింటికే లేచి కూర్చుందును. కూత వినబడగనే కాళ్ళు వాటంతట అవే చెప్పులు వెదకును. వెళ్ళుటకు చోటు లేదు.”

ఇచ్చట చాలమంది చేయు పని ఆమె చేయదు. “ఇన్నాళ్ళు కష్టపడితిరి, ఇక హాయిగా విశ్రాంతి తీసికొనుడు” అని చెప్పదు. ఆ మాట ఇల్లంతయు ఆయనకు చెప్పియే యున్నది, ప్రయోజనము లేకపోయినది. ఆమె వినును, మరల అడుగును: “కార్ఖానాలో మీకు అన్నిటికంటె గుర్తునకు వచ్చునదేది?” ఆయన యంత్రములను గూర్చి గాక, తాను పని నేర్పిన కుర్రవాండ్రను గూర్చి చెప్పనారంభించును. ఒకడు మొదట సుత్తి పట్టుట ఎరుగడు, నేడు తానే మేస్త్రీ అయినాడు. ఆయన పోగొట్టుకొన్నది జీతము మాత్రమే కాదని, నేర్పుటకు ఎదుట ఒక శిష్యుడు లేకుండుట అని అప్పుడు తెలియవచ్చును. ఇది తెలియుట చికిత్సలో మొదటి మెట్టు.

అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు కార్ల్ రోజర్స్ ఇట్టి వినికిడిని శాస్త్రముగా నిరూపింప యత్నించెను. ఎదుటివాని బాధను అతని కన్నులతో చూచుట, తీర్పు చెప్పకుండ ఆదరించుట, కపటము లేకుండుట అను మూడును లేనిచో ఏ పద్ధతియు ఫలింపదని ఆయన 1957లో వ్రాసెను. వినుట సులభమని మనమనుకొందుము. ఎదుటివాడు చెప్పుచుండగనే మనము సమాధానము వెదకుచుందుము. సమాధానము వెదకకుండ వినుటకు సంవత్సరముల అభ్యాసము కావలెను.

రెండవ మెట్టు దినచర్య. మనశ్శాస్త్రజ్ఞురాలు ఆయనకు ఒక కాగితమిచ్చి, వారము దినములు ఏ వేళ ఏమి చేసినది, అప్పుడు మనస్సు ఎట్లున్నది వ్రాయుమనును. వారము తరువాత చూచినచో కొన్ని సంగతులు స్పష్టమగును. మధ్యాహ్నము మంచముపై పడుకొన్న గంటలలో దిగులు హెచ్చు. పొరుగువాని సైకిలు బాగు చేసిన సాయంకాలమున దిగులు తక్కువ. మనస్సు బాగుపడిన పిదప పని చేయుదమని మనిషి కాచుకొనును. నిజమునకు, కొంచెము పని చేసిన పిదపనే మనస్సు బాగుపడుట తరచు జరుగును. అందుచేత చిన్న పనులతో ఆరంభింపుమని ఆమె చెప్పును. మొదటి వారము ఉదయపు నడక, రెండవ వారము ఒక పాత స్నేహితుని కలిసికొనుట, మూడవ వారము పేటలోని ఒక కుర్రవానికి పనిముట్లు పట్టుట నేర్పుట. ప్రతి మెట్టును ఆయనయే నిర్ణయించుకొనవలెను.

మూడవ మెట్టు ఆలోచనల పరీక్ష. “నేనిక ఎవరికిని పనికిరాను” అను మాట ఆయన నోట పలుమార్లు వచ్చును. ఆరన్ బెక్ అను వైద్యుడు 1960ల నుండి అభివృద్ధి చేసిన పద్ధతిని అనుసరించి, ఆమె దానిని కాదనదు, అవుననదు. “ఈ మాటకు సాక్ష్యమేమి? దీనికి విరుద్ధమైన సాక్ష్యమేమి?” అని అడుగును. కార్ఖానాలో పగులు గల ఇనుప భాగమును ఎట్లు నిదానముగా పరీక్షింతురో, అట్లే ఆ ఆలోచనను ఇద్దరును కలిసి పరీక్షింతురు. “కార్ఖానాకు ఇక నా అవసరము లేదు” అనునది నిజము. “ఎవ్వరికిని నా అవసరము లేదు” అనునది నిజము కాదు. ఈ రెండు వాక్యముల నడుమ భేదము గ్రహించిన దినమున సగము భారము తగ్గును.

నాలుగవ మెట్టు కుటుంబము. భర్త విరమణ భార్యకు గూడ మలుపే. పగటి వేళ ఇల్లు ఆమె రాజ్యము. ఇప్పుడు ఆయన వంటింటి గుమ్మములో నిలిచి పప్పు ఎట్లు వేయవలెనో చెప్పుచుండును. ఇద్దరి నడుమ మాటలు పెరుగును. ఒకటి రెండు మారులు ఇద్దరిని కలిపి కూర్చుండబెట్టి, ఎవరి వేళ ఏది, ఎవరి పని ఏది అని మాట్లాడించుట చికిత్సలోని భాగమే.

ఊరికి పోవుటయా, ఉండుటయా అను ప్రశ్నకు మనశ్శాస్త్రజ్ఞురాలు సమాధానము చెప్పదు. అది ఆమె పని కాదు. దిగులు గాఢముగా నున్నపుడు ఇల్లు అమ్మవలదని, తిరిగి రాలేని నిర్ణయము చేయవలదని మాత్రము హెచ్చరించును. మొదట ఒక మాసము పోయి పల్లెలో ఉండి చూడుమనును. తిరిగి వచ్చిన తరువాత, ఏది ఊహించినట్లున్నది, ఏది ఊహించినట్లు లేదు అని ఇద్దరును చర్చింతురు.

ఇట్టి కలయికలు సాధారణముగా వారమునకు ఒకమారు, ముప్పావు గంటయో గంటయో జరుగును. మలుపులకు సంబంధించిన బాధలు అనేకములు కొలది మాసములలోనే తేలికపడును. జీవితాంతము ఎవరిపైననో ఆధారపడునట్లు చేయుట చికిత్స లక్ష్యము కాదు. తన కాళ్ళపై తాను నడుచునట్లు చేసి ప్రక్కకు తప్పుకొనుటయే దాని లక్ష్యము.

నడిమి కాలమును ఓర్చుకొనుట

ఫ్రెంచి పండితుడు వాన్ గెన్నెప్ 1909లో, లోకమునందలి జాతుల సంస్కారములను పరిశీలించి, ప్రతి మలుపునకును మూడు భాగములున్నవని చెప్పెను: పాతదానినుండి విడిపోవుట, నడుమ నిలుచుట, క్రొత్తదానిలో చేరుట. 1980లో విలియం బ్రిడ్జెస్ అను అమెరికా రచయిత ఈ మూటినే నేటి ఉద్యోగ జీవితమునకు అన్వయించెను.

మన ఆచారములలో ఇది క్రొత్త మాట కాదు. పెండ్లిలో అప్పగింతలు విడిపోవుటకును, గృహప్రవేశము చేరుటకును గుర్తులు. మరణము తరువాత పది దినములును నడిమి కాలమే. ఆ దినములలో ఇంటివారు ఏడ్చుటకును, ఊరివారు వచ్చి పలుకరించుటకును వీలు కల్పించిరి. అరువది నిండినపుడు షష్టిపూర్తి చేయుదుము. అదే సంవత్సరమున ఉద్యోగ విరమణ వచ్చును. షష్టిపూర్తికి బంధువులు కూడుదురు, విరమణకు తోటివారు కూడుదురు. ఆ పిమ్మటి నడిమి కాలమునకు మాత్రము ఏ సంస్కారమును లేదు. ఆ శూన్యమున మనిషి ఒంటరిగా నిలుచును. మనశ్శాస్త్రజ్ఞుడు తోడుగా నిలుచునది ముఖ్యముగా ఈ భాగముననే. ఈ కాలమున మనస్సు తికమక పడుట సహజమనియు, దానిని త్రోసివేయ తొందరపడరాదనియు ఆయన తెలుపును.

ఎప్పుడు ఆలస్యము చేయరాదు?

మలుపులో కొంత దిగులు స్వాభావికము. ఈ క్రింది గుర్తులు కానవచ్చినపుడు మాత్రము అది మామూలు దిగులు కాదని ఎరుగవలెను.

దినములో ఎక్కువ భాగము దిగులుగా నుండుట, లేక దేనియందును ఆసక్తి లేకుండుట రెండు వారములకు మించి సాగుట.
నిద్ర, ఆకలి బాగుగా తగ్గుట లేక మితిమీరుట.
మద్యపానము క్రొత్తగా ఆరంభించుట, లేక ఉన్నది పెరుగుట.
మనుష్యులను తప్పించుకొని తిరుగుట, స్నానము, వస్త్రధారణములయందు అశ్రద్ధ.
“నేను లేకపోయినచో అందరికిని సుఖము” అనునట్టి మాటలు, వస్తువులు పంచిపెట్టుట, చావును గూర్చి పలుమారు చెప్పుట.

చివరి గుర్తు కనబడినచో ఆ మనిషిని ఒంటరిగా విడువరాదు. “నీవు చనిపోవలెనని తలచుచున్నావా?” అని సూటిగా, ప్రేమతో అడుగవచ్చును. అట్లు అడుగుటవలన లేని తలపు పుట్టదు. అడిగినవాడొకడున్నాడను ధైర్యమే కలుగును. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఇట్టి స్థితిలో మానసిక వైద్యుని మందులు గూడ అవసరము కావచ్చును. మందును, మాటయు ఒకదానికొకటి విరోధులు కావు.

సాయము ఎచ్చట దొరకును?

భారత ప్రభుత్వము 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమమును, 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమును ఆరంభించెను. 2022 అక్టోబరు 10వ తేదీన టెలి మానస్ అను ఉచిత టెలిఫోను సేవ ప్రారంభమైనది. 14416 అను సంఖ్యకు రాత్రింబగళ్ళు ఏ వేళనైనను మాట్లాడవచ్చును. తెలుగున మాట్లాడు వీలు కలదు. భాషకై వెనుదీయు కోడలికి, నలుగురు చూతురని సందేహించు పెద్దమనిషికి ఇది మంచి మొదటి అడుగు.

ఖరగ్‌పూరు నివాసులకు సమీపముననే జిల్లా ముఖ్యస్థానమైన మేదినీపురమున వైద్య కళాశాల ఆసుపత్రి కలదు. రైల్వే ఉద్యోగులు తమ రైల్వే ఆసుపత్రి వైద్యునకు మొదట చెప్పుకొనవచ్చును. విరమణ తరువాతను రైల్వే వైద్య సదుపాయము కొనసాగించుకొను పథకము కలదు గనుక, విరమణ కాగితములు సిద్ధపరచునపుడే ఆ సంగతి చూచుకొనవలెను.

“ఆఫీసులో తెలియునేమో, పిల్లల పెండ్లిండ్లకు అడ్డమగునేమో” అను భయము చాలమందిని ఆపుచున్నది. 2018 మే 29 నుండి అమలులోనున్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, చికిత్స పొందువాని సంగతులను రహస్యముగా నుంచవలెనని శాసించుచున్నది. ప్రాణాపాయము వంటి కొన్ని సందర్భములలో తప్ప, చెప్పిన మాట ఆ గది దాటి పోరాదు. మనశ్శాస్త్రజ్ఞుడు మొదటి దినముననే ఈ హద్దులను వివరింపవలెను. వివరింపనిచో మీరే అడుగుడు.

కుటుంబము చేయదగినవి

విరమణకు ఒక సంవత్సరము ముందుగనే డబ్బు లెక్కలతోపాటు దినచర్య లెక్క గూడ వేసికొనవలెను. “ఉదయము ఆరింటినుండి పదింటివరకు ఏమి చేయుదును?” అను ఒక్క ప్రశ్నకు సమాధానము సిద్ధముగా నున్నను మేలే.

ఎచ్చట నివసింపవలెనను సంగతి భార్యయు భర్తయు కలిసి మాట్లాడుకొనవలెను. భార్య మాట చివర అడుగునది కారాదు.

కుమారులు, కోడండ్రు ఆ పెద్దమనిషికి విశ్రాంతి మాత్రమే గాక పని గూడ ఇయ్యవలెను. మనుమనికి లెక్కలు నేర్పుట, ఇంటి మరమ్మతు చూచుట, సంఘపు కార్యములలో పాల్గొనుట ఆయన గౌరవమును నిలుపును.

కారుణ్య నియామకము పొందిన స్త్రీని “అదృష్టవంతురాలు” అని పలుకరింపక, ఆమె దుఃఖించుటకు వేళ ఇయ్యవలెను. పిల్లల బాధ్యతలో పాలు పంచుకొనవలెను.

క్రొత్తగా వచ్చిన కోడలిని, హాస్టలుకు పోయిన బాలుని వారమునకొకమారైనను “ఎట్లున్నావు?” అని అడిగి, సమాధానము పూర్తిగా వినవలెను.

మలుపు వద్ద డ్రైవరు వేగము తగ్గించును, సంకేతము చూచును, అవసరమైనచో ఆగును. అది పిరికితనమని ఎవ్వరును అనరు. దానినే పనితనమందురు. జీవితపు మలుపున మనస్సునకు సాయము కోరుటయు అట్టి పనితనమే. బాధ ముదిరి వ్యాధి కాకమునుపే తగినవారితో ఒక్కమారు మాట్లాడుడు. మీకు అవసరము లేనిచో, మీ వీధిలో ఇటీవల పూలమాలతో ఇల్లు చేరినవారెవరో తలచుకొని, వారిని ఒకసారి పలుకరింపుడు.